ఐపీఎల్ జట్ల ఖర్చు, కోచ్‌ల జీతాలు: హైదరాబాద్ అభిమానులు తరచుగా అడిగే ప్రశ్నలు

సన్‌రైజర్స్ రెండు మ్యాచ్‌లు వరుసగా ఓడితే చాలు, ఉప్పల్ స్టాండ్లలోనూ వాట్సాప్ గ్రూపుల్లోనూ రెండు మాటలు మొదలవుతాయి: "ఇన్ని కోట్లు తగలేశారు", "ముందు కోచ్‌ని పీకేయాలి". ఆ కోపం న్యాయమైనదే. కానీ ఏ డబ్బు ఎక్కడికి పోతుందో తెలిస్తే కోపం సరైన చోట పడుతుంది. మా అభిప్రాయం ముందే చెప్పేస్తాం. ఐపీఎల్‌లో ఆటగాళ్ల మీద పెట్టగలిగే డబ్బు పది జట్లకూ ఒక్కటే. జట్టుకూ జట్టుకూ తేడా వచ్చేది పర్సు (ఆటగాళ్లను కొనడానికి ప్రతి జట్టుకీ ఉండే పరిమితి) బయట పెట్టే డబ్బులో, అంటే కోచ్‌లు, స్కౌట్లు, అనలిస్టులు, ఆఫ్ సీజన్ క్యాంపుల మీద. అందుకే మంచి కోచ్‌కి ఇచ్చే జీతాన్ని మేం దండగ అనుకోం. కోచ్‌ని మాటిమాటికీ మార్చడమే దండగ.

ఒక జట్టు ఆటగాళ్ల మీద ఎంత ఖర్చు పెట్టొచ్చు?

2025 మెగా వేలానికి (మూడేళ్లకోసారి జట్లను దాదాపు కొత్తగా కట్టే పెద్ద వేలానికి) పర్సు 120 కోట్లు, 2026కి 125 కోట్లు. దీనికి మ్యాచ్ ఫీజులు, ఆటను బట్టి ఇచ్చే మొత్తం కలిపితే మొత్తం పరిమితి 2025లో 146 కోట్లు, 2026లో 151 కోట్లు, 2027లో 157 కోట్లు. జట్టులో కనీసం 18 మంది, గరిష్ఠంగా 25 మంది ఉండాలి. విదేశీయులు 8 మందికి మించకూడదు, తుది జట్టులో నలుగురికి మించకూడదు. పర్సు మొత్తం ఖర్చు పెట్టాలని రూలేమీ లేదు గానీ 75 శాతానికి తగ్గకూడదు. అంటే యజమాని ఎంత డబ్బున్నవాడైనా 2026 వేలంలో 126వ కోటి తీయలేడు, ఎంత పిసినారి అయినా మరీ చేతులు ముడుచుకుని కూర్చోలేడు.

కోచ్ జీతం ఈ పర్సులోంచే పోతుందా?

పోదు. ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. పర్సు ఆటగాళ్లకు మాత్రమే. హెడ్ కోచ్, బ్యాటింగ్, బౌలింగ్, ఫీల్డింగ్ కోచ్‌లు, ఫిజియో, ట్రైనర్, మసాజ్ చేసేవాళ్లు, వీడియో అనలిస్టు, స్కౌట్లు, టీం మేనేజర్ వీళ్లందరి ఖర్చూ ఫ్రాంచైజీ సొంత ఖాతాలోంచే. దానికి పరిమితి లేదు. కాబట్టి "కోచ్‌కి అంత ఇచ్చే బదులు ఇంకో బౌలర్‌ని కొనొచ్చు కదా" అనే వాదన నిలబడదు. కోచ్‌ని ఉచితంగా పెట్టుకున్నా వేలంలో చేతికి ఒక్క రూపాయి అదనంగా రాదు.

అమెరికాలో ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్ఎఫ్ఎల్ పద్ధతీ ఇంతే: 2025లో ఆటగాళ్ల పరిమితి 27.92 కోట్ల డాలర్లు, కోచ్‌లు దాని బయట. అక్కడి యూనివర్సిటీ ఫుట్‌బాల్‌లో అయితే ఇది శ్రుతి మించింది. టెక్సస్ ఏ అండ్ ఎం 2023 నవంబరులో కోచ్ జింబో ఫిషర్‌ని తీసేసినప్పుడు మిగిలిన కాంట్రాక్టు కింద ఏడున్నర కోట్ల డాలర్లకు పైగా బాకీ పడింది. మన తెలుగు పిల్లలు ఎంతోమంది ఫీజులు కట్టి చదివే యూనివర్సిటీ అది.

మరి ఐపీఎల్ కోచ్‌కి ఎంత ఇస్తారు? ఎక్కడ చూడాలి?

ఆటగాడి ధర వేలంలో అందరి ముందూ తేలుతుంది. కోచ్ కాంట్రాక్టు మాత్రం ఇద్దరి మధ్యే ఉంటుంది. పేపర్లలో వచ్చే "అన్ని కోట్లట" అంకెలు ఏజెంట్లు, దగ్గరివాళ్లు చెప్పినవే తప్ప అధికారికం కావు. వాటిని ఆధారం చేసుకుని వాదనకు దిగొద్దు.

చూడగలిగిన చోట్లు రెండున్నాయి. సన్‌రైజర్స్ యజమాని సన్ టీవీ నెట్‌వర్క్ స్టాక్ మార్కెట్‌లో లిస్టయిన కంపెనీ కాబట్టి మూడు నెలలకోసారి ఫలితాలు ప్రకటిస్తుంది. బీఎస్ఈ లేదా ఎన్ఎస్ఈ సైట్లో ఆ కంపెనీ పేరు కొట్టి, ఫలితాల పీడీఎఫ్ తెరిచి, చివర ఉండే నోట్స్ చదవండి. క్రికెట్ ఫ్రాంచైజీల వల్ల వచ్చిన ఆదాయం, దానికైన ఖర్చు అక్కడ విడిగా రాసి ఉంటాయి. టోర్నీ వేసవిలో జరుగుతుంది కాబట్టి ఏప్రిల్-జూన్ త్రైమాసికం చూడాలి. డిసెంబరు ఫలితాల్లో వెతికి "ఏమీ లేదే" అనుకుంటే లాభం లేదు. ఇంకో సంగతి, కంపెనీకి దక్షిణాఫ్రికా, ఇంగ్లండ్ జట్లు కూడా ఉన్నాయి గనుక ఆ అంకె మొత్తాన్నీ హైదరాబాద్‌కే అంటగట్టకండి. లిస్టు కాని ఫ్రాంచైజీలైతే కేంద్ర కార్పొరేట్ వ్యవహారాల శాఖ పోర్టల్‌లో వంద రూపాయలు కట్టి కంపెనీ దాఖలు చేసిన పత్రాలు చూడొచ్చు.

అయినా కోచ్ జీతం విడి వరుసగా కనపడదు. ఏడాదికి 1.02 కోట్లు, ఆపైన తీసుకునే ఉద్యోగుల వివరాలు లిస్టెడ్ కంపెనీలు వెల్లడించాలనే రూలుంది. కోచ్‌లు సాధారణంగా ఉద్యోగులుగా కాక కాంట్రాక్టు మీద ఫీజు తీసుకుని పనిచేస్తారు కాబట్టి ఆ జాబితాలోకి రారు. వాళ్ల డబ్బు ప్రొఫెషనల్ ఫీజుల్లాంటి పెద్ద పద్దులో కలిసిపోతుంది. ఇది మారాలన్నది మా డిమాండు. పేరు పేరునా చెప్పక్కర్లేదు. "సపోర్ట్ స్టాఫ్ మొత్తం ఖర్చు ఇంత" అని ఒక్క వరుస రాస్తే చాలు.

టోర్నీ రెండు నెలలే కదా, కోచ్‌కి అంత డబ్బెందుకు?

టోర్నీ రెండు నెలలే, పని ఏడాది పొడుగునా. నవంబరులో ఎవరిని ఉంచాలో, ఎవరిని వదలాలో తేలాలి. డిసెంబరు వేలానికి ముందు ఒక్కో ఖాళీకి ముగ్గురు నలుగురి పేర్లు, ఒక్కో పేరుకి పైధర రాసి పెట్టుకోవాలి. సయ్యద్ ముస్తాక్ అలీ టోర్నీ, రాష్ట్ర టీ20 లీగులు చూడాలి. ఫిబ్రవరి, మార్చిల్లో క్యాంపు. బేరం చెడేది ఎక్కువగా వేలం టేబుల్ దగ్గరే: మొదటి పేరు చెయ్యి జారగానే రెండో పేరుకి అనుకున్న దానికి రెట్టింపు పెట్టేస్తారు. హోంవర్క్ ఉన్న కోచ్ అక్కడ బిడ్ వేసే ప్యాడిల్ దించమంటాడు. ఆ ఒక్క నిర్ణయంతో మిగిలే డబ్బుతో ఒక మంచి దేశవాళీ బౌలర్ వస్తాడు.

ఫలితం కంటికి కనపడాలంటే సన్‌రైజర్స్ 2025 జాబితాలో కింది వరుసలు చూడండి. జీషన్ అన్సారీ 40 లక్షలు, అనికేత్ వర్మ 30 లక్షలు, ఇషాన్ మలింగ 1.20 కోట్లు. ముగ్గురూ తుది జట్టులో ఆడారు. వాళ్లను పట్టుకొచ్చింది స్కౌటింగే. మన విశాఖ కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డి సంగతి చెప్పనే అక్కర్లేదు: 2023లో 20 లక్షలకు వచ్చాడు, 2024లో 303 పరుగులతో ఎమర్జింగ్ ప్లేయర్ అవార్డు తీసుకున్నాడు, ఆరు కోట్లకు రిటెయిన్ అయ్యాడు, అంటే వేలానికి వదలకుండా జట్టే ఉంచుకుంది.

2025 మెగా వేలంలో సన్‌రైజర్స్ డబ్బంతా ఐదుగురికే పెట్టేసిందా?

అంతా కాదు గానీ సగానికి పైనే. లెక్క వరసగా చూద్దాం.

ఐదుగురు అంతర్జాతీయ ఆటగాళ్లను ఉంచుకుంటే బోర్డు స్లాబుల (ఒక్కో ఆటగాడికి ముందే ఖరారు చేసిన ధరల) ప్రకారం 18, 14, 11, 18, 14 కోట్లు, మొత్తం 75 కోట్లు పర్సులోంచి పోతాయి. ఆ 75ని ఐదుగురికి ఎలా పంచాలన్నది జట్టు ఇష్టం. సన్‌రైజర్స్ పంచిన తీరు: క్లాసెన్ 23, కమిన్స్ 18, అభిషేక్ శర్మ 14, ట్రావిస్ హెడ్ 14, నితీశ్ 6. కూడితే సరిగ్గా 75. ఒక్క రూపాయి వృథా కాలేదు.

ఇందులో తెలియనివాళ్లు బోల్తా పడే మెలిక ఒకటుంది. ఆటగాళ్లకు స్లాబు కంటే తక్కువ ఇచ్చినా పర్సులోంచి స్లాబు మొత్తమే కోస్తారు. స్లాబు, అసలు జీతం రెండిట్లో ఏది ఎక్కువైతే అది. కోల్‌కతా ఆరుగురికి ఇచ్చింది 57 కోట్లు, పర్సులోంచి పోయింది 69 కోట్లు. పన్నెండు కోట్లు గాలికి పోయినట్టే. చేతిలో 51 కోట్లతో వేలానికి వెళ్లి వెంకటేశ్ అయ్యర్ ఒక్కడికే 23.75 కోట్లు పెట్టింది. 2024 ఛాంపియన్ 2025లో ఎనిమిదో స్థానం.

సన్‌రైజర్స్ రిటెన్షన్ లెక్కలో తప్పు లేదు. మా అభ్యంతరం ఆ తర్వాతి అడుగు మీద. మిగిలిన 45 కోట్లలో 29.25 కోట్లు ముగ్గురికే పోయాయి: ఇషాన్ కిషన్ 11.25, షమి 10, హర్షల్ పటేల్ 8. తక్కిన 15.75 కోట్లలో 12 మందిని సర్దారు. అసలే ముగ్గురు టాప్ బ్యాటర్లున్న జట్టుకి 11.25 కోట్ల ఇంకో టాప్ బ్యాటర్ ఎందుకు? ఆ ఏడాది షమికి తొమ్మిది మ్యాచ్‌ల్లో ఆరు వికెట్లే వచ్చాయి. బెంచి మీంచి దించడానికి ఇంకో అనుభవమున్న భారత పేసర్ ఉనద్కత్ తప్ప లేడు. మూలిగే నక్క మీద తాటికాయ పడ్డట్టు లెగ్ స్పిన్నర్ జంపా రెండు మ్యాచ్‌లకే గాయంతో వెళ్లిపోయాడు. ఆరో స్థానంతో సరిపెట్టుకున్నాం.

ఆ ఏడాది కప్పు గెలిచిన బెంగళూరు అదే వేలంలో ఏం చేసిందో పక్కన పెట్టి చూడండి. కోహ్లి 21, పటీదార్ 11, యశ్ దయాల్ 5 కోట్లు పోను 83 కోట్లతో వచ్చింది. వేలంలో దాని అత్యధిక ధర హేజిల్‌వుడ్‌కి 12.50. భువనేశ్వర్‌కి 10.75, కృనాల్‌కి 5.75. ఫైనల్లో మ్యాన్ ఆఫ్ ద మ్యాచ్ ఆ 5.75 కోట్ల కృనాలే. ఆ భువనేశ్వర్ 2014 నుంచి 2024 దాకా మన జెర్సీలో బౌలింగ్ చేసినవాడు.

ఎక్కువ ధరకు కొన్నవాళ్లు గెలిపించరని అర్థమా?

అలా తీర్పు చెప్పలేం. 2023 డిసెంబరు వేలంలో కమిన్స్‌కి 20.50 కోట్లంటే నోరెళ్లబెట్టినవాళ్లే ఎక్కువ. మరుసటి ఏడాది అతని కెప్టెన్సీలో జట్టు ఫైనల్ ఆడింది. అదే ఫైనల్లో మనల్ని కూల్చింది కోల్‌కతా 24.75 కోట్లకు కొన్న స్టార్క్. మరోపక్క ఐపీఎల్ చరిత్రలోనే అత్యధిక ధర, 27 కోట్లకు పంత్‌ని కొన్న లక్నో 2025లో ఏడో స్థానం. పెద్ద ధర పెట్టడం తప్పు కాదు. ఆ ధర పెట్టాక మిగతా జట్టుకి ఎంత మిగిలిందన్నదే ప్రశ్న.

కోచ్‌ని మారిస్తే జట్టు బాగుపడుతుందా?

మన చరిత్రే చూద్దాం. టామ్ మూడీ 2013 నుంచి 2019 దాకా ఉన్నాడు. 2016లో కప్పు అతని హయాంలోనే వచ్చింది. 2019లో నాలుగో స్థానంలో నిలిచాక అతన్ని మార్చి, ఇంగ్లండ్‌కి వరల్డ్ కప్ గెలిపించిన ట్రెవర్ బెయిలిస్‌ని తెచ్చారు. 2020లో మూడో స్థానం, 2021లో అట్టడుగు. 2022లో మళ్లీ మూడీ, ఎనిమిదో స్థానం. 2023లో బ్రయాన్ లారా, పదో స్థానం. 2024లో డానియల్ వెటోరి, ఫైనల్.

చివరి మార్పు పనిచేసింది కదా అంటారు. నిజమే, పనిచేసింది. కానీ ఆ ఏడాది మారింది కోచ్ ఒక్కడే కాదు. కెప్టెన్ మారాడు, 6.80 కోట్లకు హెడ్ వచ్చాడు, పవర్‌ప్లేలో ఆడే తీరే మారిపోయింది. కోచ్‌ని మార్చిన మిగతా ఏడాదుల్లో పెద్దగా ఒరిగిందేమీ లేదు. మార్చిన ప్రతిసారీ కింద కనపడని నష్టం ఒకటి జరుగుతుంది. పాత స్కౌట్ల నోట్సు పక్కన పడతాయి, కొత్త కోచ్ తనవాళ్లను తెచ్చుకుంటాడు, రెండేళ్లుగా తయారవుతున్న కుర్రాడు మళ్లీ మొదటినుంచి నిరూపించుకోవాలి.

చెన్నై 2009 నుంచి స్టీఫెన్ ఫ్లెమింగ్‌నే ఉంచుకుని ఐదు కప్పులు కొట్టింది. అదే ఫ్లెమింగ్ కింద 2025లో ఆఖరి స్థానంలో నిలిచింది కూడా. స్థిరత్వం గెలుపుకి హామీ ఇవ్వదు. అయితే ఒక కోచ్‌కి ఒక మెగా వేలం నుంచి ఇంకో మెగా వేలం దాకా, అంటే మూడేళ్ల చక్రం పూర్తిగా ఇవ్వాలన్నది మా పట్టుదల. వేరొకడు కొన్న జట్టుతో ఏడాది ఆడించి మార్కులు వేయడం అన్యాయం.

మధ్యలో తీసేస్తే కోచ్‌కి పరిహారం ఇవ్వాలా?

కాంట్రాక్టులో ఏముంటే అది. ఐపీఎల్‌లో సాధారణంగా సీజన్ అయ్యాక కాంట్రాక్టు పొడిగించకుండా వదిలేస్తారు కాబట్టి పెద్ద పరిహారాల గొడవ తక్కువ. యూరప్ ఫుట్‌బాల్‌లో సీజన్ మధ్యలోనే పంపేస్తారు, బిల్లు గట్టిగా పడుతుంది. 2024లో కోచ్ టెన్ హాగ్‌నీ అతని సిబ్బందినీ పంపడానికి మాంచెస్టర్ యునైటెడ్‌కి 1.04 కోట్ల పౌండ్లయింది. ఆ క్లబ్బు షేర్ మార్కెట్‌లో ఉండబట్టే ఆ అంకె బయటికొచ్చింది.

ఫ్రాంచైజీలు నష్టాల్లో ఉన్నాయంటారు, నిజమేనా?

మోటు లెక్క వేసుకుందాం. 2023-27 ప్రసార హక్కులు 48,390 కోట్లు. ఐదు సీజన్లకు పంచితే ఏడాదికి సుమారు 9,678 కోట్లు. అందులో సగం దాకా ఫ్రాంచైజీలకు వెళ్తుంది. పది జట్లకు సమానంగా పంచినా ఒక్కోదానికి 480 కోట్ల పైమాటే. కొంత భాగం స్థానాన్ని బట్టి అటూఇటూ అవుతుంది. 2026లో ఆటగాళ్ల పరిమితి 151 కోట్లు. పాత జట్లు ఆదాయంలో 20 శాతం బోర్డుకి కడతాయి. ప్రయాణాలు, హోటళ్లు, స్టేడియం ఖర్చులు అన్నీ పోనిచ్చినా మిగులే. 2021లో 7,090 కోట్లకు లక్నోని, 5,625 కోట్లకు గుజరాత్‌ని కొన్నవాళ్లకు ఏటా కట్టే ఫ్రాంచైజీ రుసుం భారం వేరు. హైదరాబాద్‌కి ఆ భారం లేదు. కాబట్టి "స్కౌట్లను పెట్టడానికి బడ్జెట్ లేదు" అని ఏ పాత ఫ్రాంచైజీ చెప్పినా నమ్మక్కర్లేదు.

కోచ్ జీతాల వల్లే టికెట్ రేట్లు పెరుగుతున్నాయా?

కాదు. టికెట్ ధర గిరాకీని బట్టి పెడతారు. 2025 సెప్టెంబరు 22 నుంచి ఐపీఎల్ టికెట్ మీద జీఎస్టీ 28 నుంచి 40 శాతానికి పెరిగింది. వెయ్యి రూపాయల టికెట్‌కి మునుపు 1,280 కట్టేవాళ్లం, ఇప్పుడు 1,400.

వేలంలో పలికిన ధరంతా ఆటగాడి జేబులోకి వెళ్తుందా?

పన్ను ముందే కోస్తారు: మనవాళ్లకు 10 శాతం, విదేశీయులకు 20 శాతం, ఆ 20 శాతం మీద సర్‌ఛార్జి, సెస్సు. మనవాళ్లు తర్వాత రిటర్ను వేసి తమ స్లాబు ప్రకారం మిగతాది కట్టాలి.

విదేశీయులకు మినీ వేలంలో (మెగా వేలాల మధ్య ఏడాదుల్లో జరిగే చిన్న వేలంలో) ఇంకో గీత ఉంది. వాళ్లకు దక్కేది అత్యధిక రిటెన్షన్ స్లాబు, అంతకుముందు మెగా వేలంలో పలికిన అత్యధిక ధర, ఈ రెండిట్లో ఏది తక్కువైతే అది. ఈ చక్రంలో అది 18 కోట్లు. 2025 డిసెంబరులో కామెరాన్ గ్రీన్‌ని కోల్‌కతా 25.20 కోట్లకు కొంది. అతనికి 18 కోట్లే, మిగిలిన 7.20 కోట్లు ఆటగాళ్ల సంక్షేమానికి బోర్డు దగ్గరికి. కోల్‌కతా పర్సులోంచి మాత్రం మొత్తం 25.20 పోయింది. మెగా వేలానికి ఎగ్గొట్టి మినీ వేలంలో దిగి ధర పెంచుకునే అలవాటుకి ఇది కళ్లెం. మంచి రూలు.

జాతీయ జట్టు కోచ్ ఐపీఎల్‌లో కూడా పనిచేయొచ్చా?

కుదరదు, పరస్పర ప్రయోజనాల నిబంధన అడ్డొస్తుంది. సన్‌రైజర్స్ మెంటార్‌గా ఉన్న మన వీవీఎస్ లక్ష్మణ్ 2021లో జాతీయ క్రికెట్ అకాడమీ బాధ్యత తీసుకోవడానికి ఫ్రాంచైజీని వదిలేశాడు. అలాంటి త్యాగం అడిగేటప్పుడు బోర్డు జీతాలు ఫ్రాంచైజీలకు దీటుగా ఉండాలి. లేకపోతే మంచి కోచ్‌లు భారత అండర్-19ని వదిలి లీగుల వైపే చూస్తారు.

డబ్బు సరిగ్గా నడపకపోతే జట్టు ఏమవుతుంది?

హైదరాబాద్ వాళ్లకు ఇది రెండుసార్లు అనుభవం. 2009లో గిల్‌క్రిస్ట్ కెప్టెన్సీలో కప్పు గెలిచిన డెక్కన్ ఛార్జర్స్‌ని ఆర్థిక ఇబ్బందుల నడుమ 2012 సెప్టెంబరులో బోర్డు రద్దు చేసింది. ఆ తర్వాతే ఏడాదికి 85.05 కోట్ల బిడ్‌తో సన్ టీవీ వచ్చింది. ఫుట్‌బాల్‌లో మనోలో మార్కెజ్ కోచింగ్‌లో 2021-22 ఐఎస్ఎల్ ట్రోఫీ గెలిచిన హైదరాబాద్ ఎఫ్‌సీ రెండేళ్లు తిరక్కుండానే జీతాల బకాయిలతో, ఫిఫా నిషేధంతో చితికిపోయింది. యాజమాన్యం మారింది, 2025లో ఆ జట్టు ఢిల్లీకి తరలిపోయి పేరు కూడా మార్చుకుంది. ఆటగాళ్లూ కోచ్‌లూ బాగానే పనిచేసినా ఊరికి జట్టే లేకుండా పోయింది. జీతాలు సకాలంలో పడుతున్నాయా లేదా అన్నది అభిమాని పట్టించుకోవాల్సిన మొదటి సంగతి.

ఈ డబ్బులో కొంతైనా మన జిల్లాల కోచ్‌లకు రావొద్దా?

రావాలి. గట్టిగా అడగాల్సిందిదే. రంజీలో 40కి పైగా మ్యాచ్‌లాడిన ఆటగాడికి రోజుకి 60 వేలు, 21 నుంచి 40 ఆడినవాడికి 50 వేలు, అంతకన్నా తక్కువైతే 40 వేలు అని బోర్డు 2021లో తేల్చింది. ఆ ఆటగాణ్ని పదేళ్ల వయసులో పట్టుకుని, స్టాన్స్ సరిచేసి, సొంత జేబులోంచి బంతులు కొన్న కోచ్‌కి అలాంటి రేటు ఏదీ లేదు. మా ప్రతిపాదన చిన్నదే: ఆంధ్రలో ఒకరిని, తెలంగాణలో ఒకరిని, జిల్లా స్థాయి కోచ్‌లను ఫ్రాంచైజీ ఏడాది పొడుగునా స్కౌట్లుగా పెట్టుకోవాలి. ఒక్కొక్కరికి నెలకి లక్ష ఇచ్చినా ఏడాదికి 24 లక్షలు. తెలుగు పేరు ఒక్కటి వేలం జాబితాలో ముందుగా దొరికితే ఆ ఖర్చు తిరిగొస్తుంది. తిలక్ వర్మ మన హైదరాబాద్ కుర్రాడు, ఆడుతున్నది ముంబైకి. సిరాజ్‌ని 12.25 కోట్లకు గుజరాత్ తీసుకుంది.

మినీ వేలం చూసేటప్పుడు దేన్ని గమనించాలి?

ముందు ఎంత పర్సు, ఎన్ని ఖాళీలు అని కాగితం మీద రాసుకోండి. పర్సుని ఖాళీలతో భాగిస్తే సగటు వస్తుంది. ఒక కొనుగోలు పర్సులో సగం దాటితే, మిగిలిన సగటు మళ్లీ లెక్కగట్టండి. 2026 వేలానికి సన్‌రైజర్స్ 25.50 కోట్లతో వెళ్లి లివింగ్‌స్టన్ ఒక్కడికే 13 కోట్లు పెట్టింది. షమిని లక్నోకి ఇచ్చి ఖాళీ చేసుకున్న పది కోట్లు ఒక బ్యాటింగ్ ఆల్‌రౌండర్‌కి వెళ్లాయన్నమాట, పేసర్‌కి కాదు. అక్కడ కోచ్‌ని నిలదీయడం న్యాయం.

30 లక్షల ఆటగాడికి నిజంగా 30 లక్షలేనా వచ్చేది?

ఇప్పుడు కాదు. 2025 నుంచి తుది జట్టులోని పదకొండు మందికీ, మ్యాచ్ మధ్యలో దింపే ఇంపాక్ట్ ప్లేయర్‌కీ మ్యాచ్‌కి ఏడున్నర లక్షల ఫీజు ఉంది. 14 లీగ్ మ్యాచ్‌లూ ఆడితే 1.05 కోట్లు, అంటే 30 లక్షలకు కొన్న కుర్రాడికి తన ధరకు మూడు రెట్ల పైనే అదనంగా వస్తుంది. 12 మంది, 14 మ్యాచ్‌లు, ఏడున్నర లక్షలు గుణిస్తే 12.60 కోట్లు. ప్రతి జట్టూ ఈ మొత్తాన్ని వేలం పర్సుతో సంబంధం లేకుండా విడిగా కేటాయించాలి.